బెక్ 'మిడ్‌నైట్ వల్చర్స్': ఎగతాళా, ఆరాధనా?

పాతక్యాసెట్ రాశారు:

ఈ విభాగంలో పాశ్చాత్య సంగీతం గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా డెబ్బైల నాటి రాక్ బృందాల చుట్టూనే తిరుగుతున్నాం. అందుకని, ఇరవై ఏళ్లకు పైగా నన్ను ఎటూ తేల్చుకోనివ్వని ఒక ఆల్బమ్‌ను ఈసారి మీ ముందు పెడుతున్నాను. అమెరికన్ రాక్ సంగీతకారుడు బెక్ 1999 నవంబరులో విడుదల చేసిన 'మిడ్‌నైట్ వల్చర్స్' అది. పాటలు 11. రాక్ గాయకుడిగా పేరు తెచ్చుకున్న మనిషి గిటారు మోతను పక్కన పెట్టి, నల్లజాతి అమెరికన్లు పుట్టించిన ఫంక్, సోల్, హిప్-హాప్ బాణీలలోకి నిండా మునిగి చేసిన పని అది.

బెక్ పేరు వినని వారికోసం నాలుగు మాటలు. ఆయన 1970లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. తండ్రి డేవిడ్ క్యాంప్‌బెల్ ఎందరో గాయకుల ఆల్బమ్‌లకు తీగవాద్యాల అమరిక చేసిన నిపుణుడు. తల్లి వైపు తాత ఆల్ హాన్సెన్ పారేసిన సిగరెట్ పీకలతో, చాక్లెట్ కాగితాలతో బొమ్మలు కట్టిన కళాకారుడు. మనవడి సంగీతంలో కూడా ఆ చెత్త ఏరుకునే గుణం కనిపిస్తుందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. చదువు మధ్యలో మానేసి, పాత బ్లూస్ పాటలు పాడుకుంటూ తిరిగిన ఆ కుర్రవాడికి 1993లో వచ్చిన 'లూజర్' అనే పాట ఒక్కసారిగా పేరు తెచ్చింది. 1996లో 'ఓడెలే' వచ్చి రెండు గ్రామీలు సంపాదించింది. 1998లో మెత్తగా, దిగులుగా సాగే 'మ్యుటేషన్స్' వచ్చింది. ఆ మరుసటి ఏడాదే ఇది.

నా సందేహం ఇది. ఈ ఆల్బమ్‌లో బెక్ కీచుగొంతుతో ప్రేమను ఒలకబోస్తాడు, డాబులు కొడతాడు, మంచం దగ్గర పాడే సోల్ గాయకుల నిట్టూర్పులన్నీ తానూ విడుస్తాడు. వింటుంటే నవ్వు ఆగదు. ఆ నవ్వు ఎవరి మీద? నల్లజాతి గాయకులు దశాబ్దాల పాటు నిర్మించుకున్న ఒక గానశైలిని తెల్లవాడొకడు వేళాకోళం చేస్తున్నాడా, లేక ఆ శైలి మీది మోహంతో తననే తాను నవ్వులపాలు చేసుకుంటున్నాడా? నా మటుకు నాకు రెండోదే నిజమనిపిస్తుంది. అయితే మొదటిది అబద్ధమని నిరూపించడం నా చేతకాలేదు. సంగీతం వాయించడం తెలిసినవారు ఈ వేదికలో ఉన్నారు కాబట్టి వారి మాట వినాలని ఉంది.

మంద్రస్థాయి రాశారు:

పాతక్యాసెట్ గారికి నమస్కారం. నేను 14 ఏళ్లుగా బేస్ గిటారు వాయిస్తున్నాను, ఎక్కువగా పెళ్లి విందుల బృందాలలోనే. కనుక సాహిత్య విమర్శ జోలికి పోకుండా చేతులకు తెలిసిన సంగతులు మాత్రమే రాస్తాను.

ఫంక్‌ను ఎగతాళి చేయడం అనుకున్నంత తేలిక కాదు. ఫంక్‌కు ఆద్యుడైన జేమ్స్ బ్రౌన్ అరవైల నడుమ తన బృందానికి నేర్పిన మూలసూత్రం ఏమిటంటే, నాలుగు దెబ్బల ఆవృతంలో మొదటి దెబ్బ మీద బృందమంతా ఒక్కసారిగా బరువు వేయాలి. దాన్ని వాళ్లు 'ది వన్' అంటారు. మన సంగీతం తెలిసినవారికి 'సమం' అంటే వెంటనే అర్థమవుతుంది. అంతకు ముందు రాక్ అండ్ రోల్, రిథమ్ అండ్ బ్లూస్ పాటలలో రెండో దెబ్బ, నాలుగో దెబ్బ గట్టిగా మోగేవి. బ్రౌన్ సమాన్ని బలపరచి, తక్కిన ఖాళీలలో ఎవరి వాద్యం ఎక్కడ దూరాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో కచ్చితంగా పంచి ఇచ్చాడు. గిటారు తీగలను ఎడమచేత్తో అణచిపెట్టి కుడిచేత్తో గీస్తే స్వరం పలకకుండా 'చిక్కు చిక్కు' మనే చప్పుడు మాత్రమే వస్తుంది. ఆ మూగదెబ్బలు లేకపోతే ఫంక్ లేదు. వాటిని ఒక పాట పొడుగునా చెదరకుండా కొట్టాలంటే మణికట్టు పడిపోతుంది. ఎగతాళి చేయదలచుకున్నవాడు ఆ శ్రమ పడడు, పైపైన రెండు లక్షణాలు పట్టుకుని వదిలేస్తాడు. ఈ ఆల్బమ్‌లో పని పైపైన జరగలేదు.

మొదటి పాట 'సెక్స్ లాస్' తీసుకోండి. పేరు చూసి కంగారు పడకండి. బాకాలు మెంఫిస్ సోల్ రికార్డుల పద్ధతిలో గట్టిగా, క్లుప్తంగా మోగి ఆగుతాయి. గాయకుడు ఒక వాక్యం పూర్తిచేసి ఊపిరి తీసుకునే చోటనే అవి జవాబిస్తాయి. అంతా సజావుగా నడుస్తుండగా చివరి భాగంలో ఎక్కడి నుంచో బాంజో వచ్చి చేరుతుంది. వాయించినది హెర్బ్ పెడర్సన్, కాలిఫోర్నియా బ్లూగ్రాస్ సంగీతంలో చెయ్యి తిరిగిన మనిషి. సోల్ పాటలో పల్లెటూరి తెల్లవాళ్ల వాద్యం ఏమిటని మొదట విన్నవాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వాను. ఆ తరువాత తెలిసింది, బాంజో అసలు పుట్టుక పశ్చిమ ఆఫ్రికా సొరకాయబుర్ర వాద్యాలలో ఉందని, బానిసలుగా తరలించబడ్డ ఆఫ్రికన్లే దాన్ని కరీబియన్ దీవులకూ అమెరికాకూ తెచ్చారని. అంటే ఆ పాటలో బాకాలూ బాంజో పరాయివాళ్లు కారు, ఎప్పుడో విడిపోయిన దాయాదులు. బెక్ దాన్ని ఉద్దేశించే పెట్టాడో లేదో నాకు అనవసరం. చెవికి మాత్రం ఆ బాంజో బాకాల పక్కన ఒద్దికగా కూర్చుంది.

ముక్కుసూటి రాశారు:

మంద్రస్థాయి గారు శ్రమను చూపించి ప్రేమను నిరూపిస్తున్నారు. శ్రమపడి ఎగతాళి చేసేవాళ్లు లోకంలో లేరా? అనుకరణ ఎంత బాగా కుదిరితే వెక్కిరింత అంత గట్టిగా తగులుతుంది. కనుక ఆ వాదన నిలవదు.

నేను ఇంకో వైపు నుంచి చూస్తాను. ఈ ఆల్బమ్ విడుదలైన రెండు నెలలకు, 2000 జనవరిలో, నల్లజాతి గాయకుడు డి'ఆంజెలో ఆల్బమ్ 'వూడూ' వచ్చింది. ఫంక్, సోల్, హిప్-హాప్ అనే అవే మూడు దినుసులు. న్యూయార్క్‌లో జిమీ హెండ్రిక్స్ కట్టించిన ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో రికార్డు చేశారు, డ్రమ్స్ మీద క్వెస్ట్‌లవ్. హిప్-హాప్ నిర్మాత జె డిల్లా ప్రభావంతో తాళాన్ని కావాలనే వదులు చేసి, దెబ్బను వెంట్రుకవాసి వెనక్కి జరిపి, మత్తులో నడుస్తున్నట్టు వాయించారు. ఆ ఆల్బమ్ విని వెంటనే 'మిడ్‌నైట్ వల్చర్స్' వినండి. బెక్ సంగీతం మెరిసే జరీ దుస్తులు వేసుకుని అద్దం ముందు నిలబడ్డట్టు ఉంటుంది. అక్కడ దేహం ఉంది, ఇక్కడ వేషం ఉంది.

అసలు సంగతి ఇంకా ముందుంది. 2001 ఫిబ్రవరిలో జరిగిన గ్రామీ ఉత్సవంలో 'ఆ ఏటి ఆల్బమ్' అనే అతి పెద్ద బహుమతికి పోటీపడిన అయిదింటిలో బెక్ ఆల్బమ్ ఉంది. స్టీలీ డాన్, పాల్ సైమన్, రేడియోహెడ్, ఎమినెమ్ మిగతా నలుగురు. స్టీలీ డాన్‌కు వచ్చింది. 'వూడూ'కు ఉత్తమ ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) ఆల్బమ్ బహుమతి ఇచ్చి పక్క గదిలో కూర్చోబెట్టారు. అయిదుగురిలో ఒక్క నల్లజాతి కళాకారుడు లేడు, కానీ నల్లజాతి సంగీతం ఆధారంగా చేసిన ఆల్బమ్‌లు మాత్రం ఉన్నాయి. బెక్ మనసులో ప్రేమ ఉందా వెటకారం ఉందా అని తవ్వడం కన్నా, ఆ ప్రేమకు దక్కిన కుర్చీ ఎవరి ఇంట్లోది అని అడగడం మేలు కాదా?

కొత్తగా వచ్చాను రాశారు:

పెద్దలు వాదించుకునే చోట అడ్డు వస్తున్నందుకు మన్నించాలి. ఈ ఆల్బమ్ నేను వినలేదు. ఏ పాటతో మొదలుపెట్టమంటారు?

మంద్రస్థాయి రాశారు:

వరుసగానే వినండి, తొందరపడి చివరి పాటకు మాత్రం వెళ్లకండి. దాని గురించి ఎవరో ఒకరు ఇక్కడ ఎలాగూ రాస్తారు. మొదటిసారి వింటున్నప్పుడు 'గెట్ రియల్ పెయిడ్' దగ్గర కాస్త ఆగండి. మనుషుల గొంతులు యంత్రాల్లా పలుకుతుంటే అడుగున ఎలక్ట్రానిక్ తాళం నడుస్తుంది. వినగానే జర్మనీకి చెందిన ఎలక్ట్రానిక్ సంగీత బృందం క్రాఫ్ట్‌వెర్క్ గుర్తుకు రావాలి. ఫంక్ ఆల్బమ్‌లో జర్మన్ యంత్రాలేమిటని అడుగుతారేమో. 1982లో బ్రాంక్స్ నుంచి ఆఫ్రికా బంబాటా 'ప్లానెట్ రాక్' చేసినప్పుడు ఆ పాట అల్లికకు పడుగూ పేకా క్రాఫ్ట్‌వెర్క్ రికార్డులే. హిప్-హాప్ తొలిరోజుల నుంచీ ఆ వంశవృక్షంలో జర్మన్ తాతలున్నారు. 'నికోటిన్ అండ్ గ్రేవీ' చివరికి వచ్చేసరికి ఎలా తూర్పు దిక్కుకు మళ్లుతుందో చూడండి. 'మిల్క్ అండ్ హనీ'లో గిటారు వాయించింది ది స్మిత్స్ బృందపు జానీ మార్. 'బ్యూటిఫుల్ వే'లో వినిపించే స్త్రీ గొంతు బెత్ ఆర్టన్‌ది.

గ్లెండేల్ తెలుగు రాశారు:

చివరి పాట 'డెబ్రా' గురించి నేను రాస్తాను. ఆ పాట జరిగే పేట, లాస్ ఏంజెలెస్ పక్కనున్న గ్లెండేల్, మాది.

కథ ఇది. ఒక మగవాడు జె.సి. పెన్నీ దుకాణంలో పనిచేసే అమ్మాయిని చూస్తాడు. జె.సి. పెన్నీ అంటే ఇక్కడి మధ్యతరగతి వాళ్లు దుప్పట్లు, బడిపిల్లల చొక్కాలు కొనుక్కునే పెద్ద దుకాణం, విలాసానికీ దానికీ ఆమడ దూరం. రొమ్ము మీద బిళ్ల చూసి ఆమె పేరు జెన్నీ అని తెలుసుకుంటాడు. తన హ్యుందాయ్ కారులో ఎక్కించుకుని తిప్పుతానంటాడు. చివరికి బయటపడే కోరిక ఏమిటంటే, ఆ అమ్మాయితో పాటు ఆమె అక్కో చెల్లెలో అయిన డెబ్రా కూడా తనకు కావాలి. ఇదంతా ప్రిన్స్ అనే ఫంక్ గాయకుణ్ణి తలపించే సన్నని గొంతుతో, ఏడుపు దాకా వెళ్లి వస్తూ, ప్రాణం పెట్టి పాడతాడు.

సోల్ ప్రేమగీతాలలో నాయకుడు షాంపేన్ పోస్తాడు, పట్టుపరుపు పరుస్తాడు, ఖరీదైన కారు తెస్తాడు. ఇక్కడ తొంబైలలో హ్యుందాయ్ అంటే డబ్బు లేనివాడు కొనే కారు అని లోకోక్తి. అమ్మాయికి చూపించడానికి ఎవరూ ఆ పేరు ఎత్తరు. పాటలో జాంకో చికెన్ ప్రస్తావన కూడా వస్తుంది. అది బీరూట్‌లో మొదలై 1984లో లాస్ ఏంజెలెస్‌కు వచ్చిన ఆర్మీనియన్ కుటుంబపు హోటలు. గ్లెండేల్‌లో ఆర్మీనియన్లు చాలా ఎక్కువ. కాల్చిన కోడితో పాటు తెల్లగా, వెన్నలా ఉండే వెల్లుల్లి ముద్ద ఇస్తారు. తిన్నవాడు ఆ పూటకు ఎవరినీ ముద్దాడే యోగ్యత కోల్పోతాడు. నేను వారానికోసారి తింటాను కనుక అధికారంతో చెబుతున్నాను. ఆ కోడి పేరు ప్రేమగీతంలో విన్న రోజున నవ్వి నవ్వి బండి పక్కకు ఆపాను.

ముక్కుసూటి గారూ, ఈ నవ్వులో సోల్ గాయకుడి మీద పడే తునక ఒక్కటీ నాకు కనిపించలేదు. మార్విన్ గే గొంతు తనకుంటే బాగుండునని కలలు కంటూ, చేతిలో హ్యుందాయ్ తాళాలు, నోట్లో వెల్లుల్లి వాసన ఉన్న ఒక గ్లెండేల్ కుర్రవాడి మీదనే ఆ నవ్వంతా.

పాతక్యాసెట్ రాశారు:

గ్లెండేల్ తెలుగు గారూ, మీరు నా 20 ఏళ్ల అజ్ఞానాన్ని ఒక్క పేరాతో పోగొట్టారు. నేను ఈ సీడీ మొదట విన్నది 2000లో, హైదరాబాదులో. 1998లో మన దేశంలోకి శాంత్రో వచ్చింది. మా వీధిలో ఒక ఇంజినీరు గారు దాన్ని కొని కొబ్బరికాయ కొట్టిన రోజున పిల్లలమందరం చుట్టూ మూగాము. మాకు హ్యుందాయ్ అంటే ఒక హోదా. కాబట్టి ఆ పాటలో నాయకుడు మంచి స్థితిమంతుడని, అమ్మాయిని గొప్ప కారులో తిప్పుతానని ఆశ చూపిస్తున్నాడని అనుకున్నాను. హాస్యమంతా గొంతులో మాత్రమే ఉందనుకున్నాను. గొంతులో మాత్రమే ఉంటే అది నిజంగానే వెక్కిరింతలా వినిపిస్తుంది. నా సందేహానికి మూలం బహుశా ఆ శాంత్రోయే.

శ్రోతను మాత్రమే రాశారు:

ఇంత దూరం వచ్చాక మన ఇంటి ఉదాహరణ ఒకటి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. తెలుగులో 'పేరడీ శాస్త్రి' అని పేరు పడ్డ జరుక్ శాస్త్రి గారు ఉన్నారు కదా. శ్రీశ్రీ వంటి సమకాలికుల కవిత్వానికి ఆయన పేరడీలు కట్టారు. ఆ పేరడీలు చదివినప్పుడు మూలకవి నడక మనకు ఇంకా బాగా పట్టుబడుతుంది. ఎక్కడ ఊపిరి తీసుకున్నాడు, ఏ పదాన్ని ఏ పదం మీదికి విసిరాడు అన్నది శాస్త్రి గారు ఎముకల దాకా చదివితే తప్ప అలా రాయలేరు. మూలంలో మహోన్నతమైన వస్తువు ఉన్న చోట ఆయన కిళ్ళీకొట్టు స్థాయి వస్తువు పెడతారు. ఛందస్సు మాత్రం చెక్కుచెదరదు. నవ్వు పుట్టేది ఆ ఎడంలోనే. షాంపేన్ ఉండవలసిన చోట వెల్లుల్లి ముద్ద పెట్టడం అచ్చంగా అదే పని. శాస్త్రి గారి పేరడీ చదివి శ్రీశ్రీ మీద గౌరవం తగ్గినవాడు ఎవరైనా ఉన్నాడా?

ముక్కుసూటి రాశారు:

మంచి పోలిక తెచ్చారు, కానీ అది నా వైపే సాక్ష్యం చెబుతుంది. జరుక్ శాస్త్రి గారూ శ్రీశ్రీ గారూ ఒకే భాషలో, ఒకే సాహిత్య లోకంలో, భుజం భుజం రాసుకుంటూ బతికినవారు. ఒకరి మీద ఒకరు చమత్కారం విసురుకుంటే అది పక్క ఇంటివాడితో సరసం. వేల ఎకరాల ఆసామి వచ్చి పాలేరు పాడుకునే పాటను అంతే చక్కగా అనుకరించాడనుకోండి, ఛందస్సు చెక్కుచెదరకపోయినా వినేవాళ్లకు అదే నవ్వు వస్తుందా? అమెరికాలో సోల్ పాట పుట్టిన చర్చిలూ, ఫంక్ పుట్టిన పేటలూ బెక్ పుట్టుకతో తెచ్చుకున్నవి కావు.

మంద్రస్థాయి రాశారు:

ముక్కుసూటి గారి ఆసామి పోలిక గట్టిదే. ఒప్పుకుంటూనే, అది పూర్తిగా ఎందుకు అతకదో రెండు కారణాలు చెబుతాను.

మొదటిది, ఈ అద్దె ఇంట్లో బెక్ కన్నా ముందు కాపురం ఉన్నవాళ్లు ఉన్నారు. 1974 ఆగస్టులో బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ తన మెరుపు వేషాలు వదిలేసి ఫిలడెల్ఫియాలోని సిగ్మా సౌండ్ స్టూడియోకు వెళ్లి 'యంగ్ అమెరికన్స్' ఆల్బమ్ మొదలుపెట్టాడు. అప్పటికి ఎవరికీ తెలియని లూథర్ వాండ్రాస్ అక్కడ వెనక గొంతులు పాడాడు. గిటారు మీద కార్లోస్ అలొమార్, జేమ్స్ బ్రౌన్ దగ్గర వాయించి వచ్చిన ప్యూర్టోరికన్ కుర్రవాడు. బోవీ తన సంగీతాన్ని తానే 'ప్లాస్టిక్ సోల్' అన్నాడు. అంటే అసలు కాదని ముందే చీటీ అంటించి అమ్మాడు. అలొమార్ గిటారు వరస మీద, జాన్ లెనన్ కూడా కలిసి కట్టిన 'ఫేమ్' 1975లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. ఆ వెంటనే జరిగింది మరీ విచిత్రం. జేమ్స్ బ్రౌన్ అంతటివాడు ఆ గిటారు వరసను దాదాపు యథాతథంగా తీసుకుని 'హాట్' అనే పాట చేసుకున్నాడు. బ్రౌన్ దగ్గర నేర్చిన చెయ్యి బోవీ కోసం వాయిస్తే, బ్రౌన్ దాన్ని తిరిగి ఇంటికి పట్టుకుపోయాడు. ఆసామి ఎవరు, పాలేరు ఎవరు? లెక్కల పుస్తకంలో జవాబు స్పష్టంగానే ఉంటుంది, వాయిద్యాల మధ్య మాత్రం అంత స్పష్టంగా ఉండదు.

రెండోది, సొమ్ము సంగతి. అమెరికా అమ్మకాల పట్టికలో 'మిడ్‌నైట్ వల్చర్స్' ఎక్కిన అత్యున్నత స్థానం 34. 'వూడూ' మొదటి వారంలోనే ఒకటో స్థానంలో కూర్చుంది. గ్రామీ కుర్చీ విషయంలో మీరన్నది అక్షరాలా నిజం, దానికి నా దగ్గర సమాధానం లేదు. జనం మాత్రం ఆ రెండు నెలల్లో ఏది అసలో సరిగ్గానే గుర్తుపట్టారు.

ఇంకొక మాట, ఇది వాదన కాదు. 1999లో అమెరికన్ రాక్ హిప్-హాప్‌తో చేసుకున్న సంబంధం ఎలాంటిదో ఒకసారి గుర్తు చేసుకోండి. లింప్ బిజ్‌కిట్ వంటి బృందాలు ర్యాప్ నుంచి అరుపును, బెదిరింపును మాత్రమే తీసుకుని భారీ గిటార్ల మీద పోశాయి. ఆ సంగీతంలో నడుము కదిలే చోటు లేదు. అదే ఏడాది బెక్ హిప్-హాప్ తల్లి అయిన ఫంక్ దగ్గరకు వెనక్కి నడిచి, కోపం బదులు సిగ్గులేని సరసాన్ని ఎంచుకున్నాడు. ఆ రోజుల్లో కళాశాల ఉత్సవాలలో నేను విన్న మోతతో పోలిస్తే ఇది ఎండలో నీళ్లు చల్లినట్టు ఉండేది.

గ్లెండేల్ తెలుగు రాశారు:

చిన్న చేర్పు. 'డెబ్రా'లో కత్తిరించి అతికిన పాత సంగీతపు ముక్క చికాగో పియానో విద్వాంసుడు రామ్‌సే లూయిస్ రికార్డులోనిది, ఆ మూలపాట రాసిన వ్యక్తి పేరును కూడా బెక్ పాట రచయితల వరుసలో చేర్చారు. ఈ పద్ధతి గాలిలోంచి ఊడిపడలేదు. ఈ పాటకు బెక్‌తో పనిచేసిన నిర్మాతలు డస్ట్ బ్రదర్స్ 1989లో ర్యాప్ బృందం బీస్టీ బాయ్స్‌కు 'పాల్స్ బుటీక్' ఆల్బమ్ చేసినప్పుడు పదుల కొద్దీ పాత రికార్డుల ముక్కలు అతికారు. 1991లో ర్యాపర్ బిజ్ మార్కీ మీద వచ్చిన కోర్టు తీర్పుతో అనుమతి లేకుండా ముక్క తీసుకోవడం దొంగతనం కింద లెక్కకు వచ్చింది, అలాంటి ఆల్బమ్ మళ్లీ చేయడం దాదాపు అసాధ్యమైంది. ఈ ఆల్బమ్‌లో అతికినవి తక్కువ, మనుషులు వాయించినవి ఎక్కువ. వాయించినదాన్ని కంప్యూటర్‌లో మళ్లీ కత్తిరించి కుట్టడం వేరే సంగతి.

ముక్కుసూటి రాశారు:

జేమ్స్ బ్రౌన్ సంగతి నాకు తెలియదు, దానికి మంద్రస్థాయి గారికి కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఆల్బమ్ మొత్తం మళ్లీ విన్నాను. 'డెబ్రా' విషయంలో ఓడిపోయాను. వెల్లుల్లి సంగతి తెలిశాక ఆ పాటలో నాకు కూడా పాపం కుర్రవాడే కనిపించాడు. 'పీచెస్ అండ్ క్రీమ్'లో ఆ గొంతు ప్రిన్స్ గడప దాకా వెళ్లి లోపలికి అడుగుపెట్టకుండా నిలబడడం కూడా నచ్చింది.

'హాలీవుడ్ ఫ్రీక్స్' దగ్గర మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది. అందులో బెక్ మాటలు నములుతూ, సాగదీస్తూ పడమటి తీరపు ర్యాపర్‌లా పలుకుతాడు. ఇక్కడ హ్యుందాయ్ లేదు, జె.సి. పెన్నీ లేదు, తనను తాను పట్టించే వస్తువు ఏదీ లేదు. ఉచ్చారణ ఒక్కటే హాస్యం. నల్లవాళ్ల నోటి తీరు ఒక్కటే నవ్వుకు సరుకైనప్పుడు దాన్ని ఆరాధన అనమంటే నా నోరు తిరగదు. 'లూజర్' నాటికి తన ర్యాప్ తనకే నచ్చక, ఆ నవ్వుబాటులోనే ఆ పాట పల్లవి కట్టుకున్నాడని విన్నాను. అప్పటి వినయం ఈ పాటలో తప్పిపోయింది. కాబట్టి పాతక్యాసెట్ గారి ప్రశ్నకు నా జవాబు ఆల్బమ్‌కు ఒకటి కాదు, పాటకు ఒకటి.

మంద్రస్థాయి రాశారు:

'హాలీవుడ్ ఫ్రీక్స్'ను నేను కూడా దాటేసి వింటాను. ఇన్నాళ్లూ కారణం బేస్ బాగా లేకపోవడం అనుకున్నాను.

కొత్తగా వచ్చాను రాశారు:

వరుసగా విన్నాను. బాంజో దగ్గర నవ్వాను, 'డెబ్రా' దగ్గర ముందే కథ తెలిసిపోవడం వల్ల నవ్వలేకపోయాను, గ్లెండేల్ తెలుగు గారి మీద కొంచెం కోపంగా ఉంది. 'బ్యూటిఫుల్ వే' అన్నిటికన్నా నచ్చింది, అది మీరెవరూ చర్చించని పాట. ఫంక్ అల్లరి నడుమ ఆ ఒక్క పాట చల్లగా, కాస్త దిగులుగా ఉంది. ఇలాంటి పాటలు ఇంకా కావాలంటే బెక్‌ను ఎక్కడ వెతకాలి?

పాతక్యాసెట్ రాశారు:

2002లో వచ్చిన 'సీ ఛేంజ్' వినండి. అందులో ఫంక్ లేదు, వేషం లేదు, నవ్వు అసలే లేదు. తండ్రి అమర్చిన తీగవాద్యాలు గాయకుడి చుట్టూ నీళ్లలా పైకి వస్తుంటాయి. ఈ రెండు ఆల్బమ్‌లూ ఒకే మనిషివని నమ్మడం కష్టం, కానీ మీరు పట్టుకున్న పాట ఆ రెండింటి మధ్య వంతెన.

మీరు వరుసగా విన్నారంటున్నారు, సీడీలో విన్నారా? అడగడానికి కారణం ఉంది. నేను 2000లో మొదటిసారి విన్న రాత్రి 'డెబ్రా' అయిపోయింది. ఆల్బమ్ ముగిసిందనుకుని దీపం తీసి పడుకున్నాను. ప్లేయర్ ఆపడం మరిచిపోయాను. చాలాసేపు నిశ్శబ్దం. నిద్రపట్టే వేళకు చీకట్లోంచి ఏదో యంత్రం పిచ్చెక్కినట్టు గోల మొదలైంది. మా నాన్నగారు పక్క గదిలోంచి లేచి వచ్చి, ఫ్యాన్ పాడైందనుకుని దాన్ని ఆపారు. గోల ఆగలేదు. ఇద్దరం చీకట్లో నిలబడి, ఆగిపోయిన ఫ్యాన్ వైపు చూస్తూ ఉండిపోయాం.